షాద్‌నగర్‌లో కిరాయికి ఫ్లాటు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

జడ్చర్ల బాటసారి

అందరికీ నమస్కారం. మేము ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మా పెద్దన్నయ్య ఇంటి పై పోర్షన్‌లో ఉంటున్నాము. నేను పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పని చేస్తాను. నా భార్యకు శంషాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో చేరాలి. పాలమూరు నుంచి ఆమె రోజూ శంషాబాద్ వెళ్లి రావడం అయ్యే పని కాదు కాబట్టి, ఇద్దరికీ నడుమ ఉంటుందని షాద్‌నగర్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టాము. పాపను ఈ ఏడే ఒకటో తరగతిలో చేర్పించాలి.

ఒక ఫ్లాటు నచ్చింది. డబుల్ బెడ్‌రూం, మూడో అంతస్తు, తూర్పు ముఖం, గాలీ వెలుతురూ బాగున్నాయి. కిరాయి 11,000, మెయింటెనెన్సు 1,500, మూడు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. ఓనరు హైదరాబాద్‌లో ఉంటారట. వాచ్‌మన్ తాళం తీసి చూపించాడు, ఫోన్‌లో మాట్లాడింది మాత్రం ఓనరు గారి బావమరిది. ఇంకో ఇద్దరు చూసి వెళ్లారని, టోకెను కింద పది వేలు ఫోన్‌లో పంపితే ఇల్లు మనకే ఉంచుతామని తొందర పెడుతున్నారు. మేము ఇంతవరకు ఎప్పుడూ కిరాయికి ఉండలేదు. ఈ కిరాయి సబబేనా, డబ్బు ఇచ్చే ముందు ఏమేమి చూసుకోవాలి, కాగితం ఎలా రాసుకోవాలి అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

ఫరూఖ్‌నగర్ వాసి

ముందుగా ఒక మాట: ఆ పది వేలు ఇంకా పంపకపోతే ఆపండి.

మా షాద్‌నగర్‌లో కొత్త అపార్టుమెంట్లలో చాలా ఫ్లాట్ల ఓనర్లు ఇక్కడ ఉండరు. పెట్టుబడి కోసం కొని, తాళం చెవులు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. నడుమ బావమరిదో, స్నేహితుడో, ఏజెంటో ఉంటారు. కిరాయి ప్రతి నెలా సక్రమంగా వసూలవుతుంది కానీ, ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చేసరికి ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం మొదలవుతుంది. అందుకే ఓనరుతో స్వయంగా మాట్లాడకుండా, ఆ ఇల్లు ఆయనదేనని కాగితం చూడకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదు. ఈ సంవత్సరం ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు అడగండి. రెండింటి మీద ఉన్న పేరూ, మీతో ఒప్పందం రాసుకునే వ్యక్తి పేరూ ఒకటేనా చూడండి. ఆయన దస్తావేజు నంబరు, సంవత్సరం చెబితే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) మీరే తీసి చూసుకోవచ్చు. ఓనరు రాలేక బావమరిది సంతకం పెడతారంటే, ఆయన పేరు మీద జీపీఏ (ఓనరు తరఫున సంతకం చేసే అధికారపత్రం) ఉండాలి. ఉత్త చుట్టరికం సరిపోదు. అడ్వాన్సు గానీ కిరాయి గానీ ఓనరు బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. వాచ్‌మన్ ఫోన్ నంబరుకు పంపిన డబ్బుకు రేపు సాక్ష్యం ఎవరు చెబుతారు?

కిరాయి సంగతి పక్కన పెడితే, నేను మొదట చూసేది నీళ్లు. ఆ అపార్టుమెంటులో ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎలా పోసిందో వాచ్‌మన్‌ను కాదు, పై అంతస్తులో రెండేళ్లుగా ఉంటున్న ఇల్లాలిని అడగండి. ట్యాంకర్లు తెప్పించారా, ఆ ఖర్చు మెయింటెనెన్సులోనే కలిసిందా లేక విడిగా పంచారా అన్నది కూడా ఆమెకే తెలుస్తుంది. మున్సిపాలిటీ నల్లా సంపులోకి వస్తుందా, వస్తే ఎన్నాళ్లకోసారి అన్నది కూడా అక్కడే అడగండి.

మీ ఇద్దరికీ షాద్‌నగర్ సరిపోతుందనే నా అభిప్రాయం. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మమ్మల్ని రంగారెడ్డిలో కలిపారు గానీ, మా బస్సులూ బంధుత్వాలూ ఇప్పటికీ పాలమూరు వైపే ఉన్నాయి, మీకు కొత్తగా అనిపించదు.

గడియారం చౌరస్తా

ప్రయాణం లెక్క కూడా కిరాయిలో కలుపుకుని చూడండి. మీరు కారులో జడ్చర్ల వైపు వెళ్తే రాయికల్ టోల్ దాటాలి. శంషాబాద్ వైపు వెళ్లే మీ శ్రీమతికి ఆ బెడద లేదు. బైకుకు టోల్ లేదు. కారైతే, 2025 ఆగస్టులో వచ్చిన 3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాసు చూసి చాలామంది తొందరపడతారు. అది ఏడాదికి లేదా 200 దాటింపులకు, ఏది ముందైతే దానికే. నెలకు ఇరవై అయిదు పనిదినాలు, రోజుకు రెండుసార్లు దాటితే నాలుగు నెలలకే అయిపోతుంది. టోల్‌కు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత వాహనాలకు నెలవారీ స్థానిక పాసు ఉంది. 2025-26లో దాని ధర 350 రూపాయలు. మీకు అదే మేలు. అయితే దానికి నివాస రుజువు కావాలి కాబట్టి, ఒప్పందంలో ఇంటి నంబరు తప్పుల్లేకుండా పూర్తిగా రాయించుకోండి.

మీ శ్రీమతికి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టక్కరలేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లే నాన్‌స్టాప్ బస్సులు బైపాస్ మీదుగా వెళ్తాయి, ఊళ్లోకి రావు. ఇల్లు బస్‌స్టాండుకు దగ్గరగా ఉందా, ఉదయం ఆమె నడిచి వెళ్లగలరా అన్నది చూసుకోండి. రైలు సమయాలు కుదిరితే షాద్‌నగర్ నుంచి ఉందానగర్‌లో దిగి శంషాబాద్ వెళ్లవచ్చు. ఈ మార్గంలో మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగు, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. క్రాసింగు కోసం రైలును ఎక్కడపడితే అక్కడ ఆపే పాత తిప్పలు ఇప్పుడు లేవు.

నీలగిరి నివాసి

నాది నల్లగొండ. ఉద్యోగరీత్యా చౌటుప్పల్‌లో కిరాయికి ఉంటున్నాను. విజయవాడ రహదారి మీద మా ఊరు ఎలాంటిదో బెంగళూరు రహదారి మీద షాద్‌నగర్ అలాంటిదే అనుకుంటాను: పట్నానికి దూరం, పట్నం ధరలకు దగ్గర. (సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర వాహనాల బారులు టీవీలో చూసి మా బంధువులు నాకు ఫోన్లు చేస్తారు. ఆ మూడు రోజులు తప్ప మిగతా ఏడాదంతా మాకు ఇబ్బంది లేదు.)

ఫరూఖ్‌నగర్ వాసి గారు నీళ్లు వస్తాయా రావా అన్నది చెప్పారు. ఏ నీళ్లు వస్తాయన్నది కూడా చూడాలని నల్లగొండ మనిషిగా నేను చెప్పక తప్పదు. ఫ్లోరైడు అంటే ఏమిటో మా మర్రిగూడ, మునుగోడు ఊళ్ల పెద్దల మోకాళ్లనూ వెన్నులనూ చూసినవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 2015 జూన్‌లో మంచినీటి పథకం (తరువాతి మిషన్ భగీరథ) పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే పెట్టడానికి కారణం కూడా అదే. భగీరథ నీళ్లు వచ్చాక తాగునీటి పరిస్థితి మారింది కానీ, అపార్టుమెంట్లలో ఒక చిక్కు ఉంది. మున్సిపాలిటీ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుపుతారు. మీ వంటింటి నల్లాలో వచ్చేది ఏ రోజు ఏ నీరో మీకు తెలియదు. చాలా అపార్టుమెంట్లలో తాగునీటికి వేరే గొట్టం ఉండదు.

అందుకని ఇల్లు ఖాయం చేసుకునే ముందు వంటింటి నల్లా నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి పరీక్ష చేయించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. కరిగిన లవణాలు 500 లోపు ఉండాలి, గతిలేనప్పుడు 2,000 దాకా అనుమతి ఉంది. అరచేతిలో పట్టే చిన్న మీటరుతో మొత్తం లవణాలు తెలుస్తాయే తప్ప ఫ్లోరైడు విడిగా తెలియదు, కాబట్టి ఆ మీటరు చూపించి ‘నీళ్లు భేషుగ్గా ఉన్నాయి’ అన్నవారి మాట నమ్మకండి. ఇంకొకటి: నీళ్లు మరగబెడితే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు దానిని ఆపలేవు. ఆర్‌వో అయితే తగ్గిస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతటా మా జిల్లా పేరే ఉంది, అది మాకు గర్వకారణమో కాదో నాకిప్పటికీ తేలలేదు. అయిదారేళ్ల పాప ఉన్న ఇంట్లో మాత్రం పరీక్ష చేయించకుండా బోరు నీళ్లు తాగించవద్దు. శాశ్వత పళ్లు తయారయ్యే వయసులోనే ఫ్లోరైడు పళ్ల మీద మచ్చలు తెస్తుంది.

జడ్చర్ల బాటసారి

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. టోకెను పంపలేదు. నిన్న మేమిద్దరం మళ్లీ వెళ్లి వచ్చాము. పై అంతస్తులో ఉండే అమ్మగారితో నా భార్య మాట్లాడింది. ఎండాకాలంలో ట్యాంకర్లు వచ్చాయని, ఆ ఖర్చు మెయింటెనెన్సుకు అదనంగా ఫ్లాటుకు ఇంత అని పంచారని చెప్పారు. వాచ్‌మన్ మాకు ఈ మాట చెప్పలేదు. సంపు ఒక్కటే, రెండు నీళ్లూ అందులోకే. నీళ్ల సీసా పరీక్షకు ఇచ్చాము.

ఇంకో విషయం బయటపడింది. మా ఫ్లాటుకు విడిగా సర్వీసు మీటరు లేదు. పక్క ఫ్లాటు కూడా ఇదే ఓనరుదట. రెండింటికీ కలిపి ఒకటే మీటరు, లోపల సబ్‌మీటరు పెట్టారు. యూనిట్లు చూసుకుని బిల్లు పంచుకోవడమే కదా, ఇందులో నష్టం ఏముందని బావమరిది గారు అంటున్నారు. నిజంగా నష్టం ఉందా?

స్తంభం నంబరు

విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని కాబట్టి దీనికి నేను జవాబు చెబుతాను. నష్టం ఉంది, అది చిన్నది కాదు.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటు ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, తరువాతి వాటికి 4.80 చొప్పున పడుతుంది. 200 దాటగానే లెక్క మొదటి నుంచీ మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకు 5.10, 201 నుంచి 300 వరకు 7.70, ఆపైన 9 రూపాయలు, ఇంకా పైన ఇంకా ఎక్కువ. ఇప్పుడు మీరు 150, పక్కవారు 150 యూనిట్లు వాడారనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి యూనిట్ల ధర 580 రూపాయలు. ఒకే మీటరు మీద 300 యూనిట్లు పడితే 1,790. సగం పంచుకుంటే 895. స్థిర ఛార్జీలు ఇందులో కలపలేదు. అంటే మీ వాడకం ఏమీ పెరగకుండానే ప్రతి నెలా మూడు వందల పైచిలుకు అదనంగా కడతారు. ఎండాకాలంలో పక్కవారు ఏసీ పెడితే వారి యూనిట్లు వారివే అయినా, వారి వల్ల పెరిగిన శ్లాబు ఇద్దరిదీ అవుతుంది.

గృహజ్యోతి సంగతి కూడా ఇందులోనే ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు 2024 మార్చి బిల్లుల నుంచి 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు ఇస్తున్నారు, కిరాయికి ఉండేవారు కూడా అర్హులే. అయితే రేషన్ కార్డును ఒక సర్వీసు నంబరుకు జత చేస్తారు. ఆ మీటరు మీద రెండు కుటుంబాల వాడకం కలిసి 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసిందే. మీకు కార్డు ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఇది చదివే మిగతావారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇల్లు మారినవారు పాత ఇంటి సర్వీసు నంబరును తీయించి కొత్తది ఎక్కించుకోవడానికి మున్సిపల్ కార్యాలయంలోనో ఎంపీడీవో కార్యాలయంలోనో దరఖాస్తు ఇవ్వాలి.

ప్రతి ఫ్లాటుకూ విడి సర్వీసు తీసుకోవడం ఓనరుకు కష్టమైన పని కాదు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే తీయించమనండి. చేరాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

కోర్టు చౌరస్తా

నేను నల్లగొండలో న్యాయవాదిని. కాగితం గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

కిరాయి నియంత్రణ చట్టం మనకు 1960 నుంచి ఉంది. ఇంటి ఓనరు ఇష్టం వచ్చినట్టు ఖాళీ చేయించకుండా అది కాపాడుతుందని ఇప్పటికీ చాలామంది నమ్మకం. కానీ 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లు ఆ చట్టం పరిధి నుంచి తప్పుకున్నాయి. 11,000 కిరాయి ఇంటికి వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, దానితోపాటు మీరు రాసుకునే ఒప్పందం. ఆ చట్టంలోని చాలా నిబంధనలు ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న మాటతో మొదలవుతాయి కాబట్టి, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో అదే ముందు నిలుస్తుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో నివాస గృహాలకు రెండు నెలల కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టంగా చేస్తేనే అమలవుతుంది కాబట్టి దానిని చూపించి ఓనరుతో వాదించలేరు. బేరం ఆడుకోవచ్చు, అంతే.

అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన గడువుకు రాసిన కిరాయి పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే ఆ గడువు చెల్లదు, మీ కిరాయిదారీ నెలసరిగానే లెక్కకు వస్తుంది. 11 నెలలు గడిచాక కొత్త కాగితం రాసుకోకుండా మీరు ఉంటూ, ఓనరు కిరాయి తీసుకుంటూ ఉన్నా నెలసరి కిరాయిదారే అవుతారు. నెలసరి కిరాయిదారును ఖాళీ చేయమనడానికి చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. పాపను బడిలో చేర్చిన తల్లిదండ్రులకు 15 రోజులు ఏ మూలకూ సరిపోవు. అందుకే ఒప్పందంలో ఇరువైపులా రెండు నెలల నోటీసు అని రాయించుకోండి, బడి సంవత్సరం మధ్యలో ఖాళీ చేయించకూడదన్న షరతు కూడా అడిగి చూడండి.

మీలాంటి వారికి ఇంకో ప్రమాదం ఉంది. పెట్టుబడికి కొన్న ఫ్లాటు ఎప్పుడైనా అమ్ముడుపోవచ్చు. అమ్మితే కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, మీ కిరాయిదారీ రద్దు కాదు. కానీ మీ అడ్వాన్సు పాత ఓనరు దగ్గర ఉంటుంది, కొత్త ఓనరు నాకు ముట్టలేదంటాడు. ఇల్లు అమ్మితే అడ్వాన్సు కొత్త ఓనరుకు బదిలీ చేసి ఆ మాట రాతపూర్వకంగా తెలపాలని, లేదంటే అమ్మకానికి ముందే తిరిగి ఇవ్వాలని ఒక వాక్యం రాయించండి. అడ్వాన్సు ఎంత ఇచ్చారో, ఏ ఖాతాలో ఏ తేదీన వేశారో, తాళం చెవులు అప్పగించిన ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో అందులోనే ఉండాలి. ట్యాంకరు ఖర్చు, లిఫ్టు మరమ్మతు, మోటారు కాలిపోతే రీవైండింగు, వీటిలో ఏది మెయింటెనెన్సులో భాగమో, ఏది ఓనరుదో, ఏది మీదో విడివిడిగా రాసుకోండి. మెయింటెనెన్సు 1,500 అని ఊరికే రాసి వదిలేస్తే, పంచే ప్రతి ఖర్చూ మీ గుమ్మం దగ్గరికే వస్తుంది.

మూడంతస్తుల మేడ

అందరూ కిరాయిదారు వైపు నుంచే మాట్లాడుతున్నారు, కాబట్టి జడ్చర్లలో మూడు పోర్షన్లు కిరాయికి ఇచ్చిన ఒక ఓనరు మాట కూడా వినండి. మూడు నెలల అడ్వాన్సు దురాశ కాదు. చివరి రెండు నెలల కిరాయి కట్టకుండా, కరెంటు బిల్లు ఎగ్గొట్టి, గోడలకు మేకులు కొట్టి, గ్యాసు పొగతో వంటిల్లు నల్లబరచి వెళ్లినవారిని నేను చూశాను. అడ్వాన్సులో ఒక నెల కిరాయి రంగులకు పట్టుకోవడం మా ఊళ్లో అందరూ చేసేదే, కిరాయిదారులు కూడా చేరేటప్పుడే ఒప్పుకుంటారు. సబ్‌మీటరు సంగతి మాత్రం స్తంభం నంబరు గారు చెప్పింది న్యాయం. ఓనరు ఖర్చు పెట్టి విడి మీటరు పెట్టించాల్సిందే.

కోర్టు చౌరస్తా

మేడ గారూ, మేకులకూ ఎగ్గొట్టిన బిల్లుకూ పట్టుకోండి, ఎవరూ కాదనరు. రంగుల విషయంలో చట్టం ఏమంటుందంటే, ఇల్లు అప్పగించినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి ఇవ్వాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహా. మూడేళ్లు కాపురం ఉన్న ఇంట్లో రంగు వెలిసిపోవడం మామూలు అరుగుదలే. ఒప్పందంలో ఒక నెల కిరాయి రంగులకు అని రాసుకుంటే అది వేరు. రాయకుండా పట్టుకోవడం ఆచారమే కావచ్చు, హక్కు కాదు. ఏడాదికే ఖాళీ చేసిన ఇంటికీ, అయిదేళ్లు ఉన్న ఇంటికీ ఒకే నెల కిరాయి కోయడం ఏ న్యాయమో కూడా ఆలోచించండి.

బాటసారి గారు చేరే రోజున ప్రతి గదినీ, గోడలనూ, నల్లాలనూ, ఫ్యాన్లనూ, గీజరునూ ఫోన్‌లో వీడియో తీసి ఆ రోజే ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. ఉన్న సామాను జాబితా ఒప్పందానికి జత చేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఓనరు చేయించాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చు కిరాయిలో మినహాయించుకోవచ్చని ఇదే చట్టంలో ఉంది. కానీ ముందు రాతలో అడిగి ఉండాలి.

కొత్తూరు హాస్టల్

నాది చిన్న ప్రశ్న, ఇదే విషయానికి సంబంధించింది. నేనూ నా స్నేహితురాలూ నందిగామ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తున్నాము. షాద్‌నగర్‌లోనో కొత్తూరులోనో సింగిల్ బెడ్‌రూం చూస్తున్నాము. మొదటి ప్రశ్న పెళ్లయిందా, రెండోది ఏ కులం, మూడోది మాంసం వండుతారా. రాత్రి షిఫ్టు ఉంటుందని చెప్పగానే మాట ఆగిపోతోంది. ఆడపిల్లలకు ఇల్లు ఇచ్చే చోట్లు ఎలా వెతకాలి?

ఫరూఖ్‌నగర్ వాసి

అమ్మా, మీ ప్రశ్నకు నాకు సిగ్గుగానే ఉంది. టు-లెట్ బోర్డులు చూస్తూ ఇల్లిల్లూ తిరగడం కంటే, మీ కంపెనీలోనే ఇప్పటికే కుటుంబంతో ఇక్కడ ఉంటున్నవారి ద్వారా వెళ్లండి. పరిచయం ఉన్న ఇంట్లో ఈ మూడు ప్రశ్నలూ రావు. ఓనరు పైనే ఉండే ఇళ్లలో ఆంక్షలు ఎక్కువ, ఓనరు వేరే ఊళ్లో ఉండే అపార్టుమెంట్లలో తక్కువ. షిఫ్టు సంగతి దాచవద్దు, కంపెనీ బస్సు ఏ సమయానికి ఎక్కడ దింపుతుందో ముందే చెప్పండి, గుర్తింపు కార్డు నకలు ఇవ్వండి. ఇంకో మాట, పరిశ్రమలకు ఆనుకుని ఉన్న చవక ఇళ్లను రాత్రి పది తరువాత ఒకసారి వెళ్లి చూడండి. పగలు రాని రసాయనాల వాసన రాత్రి వస్తుంది.

మూడంతస్తుల మేడ

మా రెండో అంతస్తులో ఇద్దరు నర్సులు ఉంటున్నారు. కిరాయి ఒకటో తేదీనే వస్తుంది. అంతకుముందు ఉన్న సంసారులతోనే నాకు ఇబ్బంది. ఆడపిల్లలకు ఇవ్వనివారు ఎందుకు ఇవ్వరో నాకు తెలియదు.

బడి గంట

ఉపాధ్యాయురాలిని. పాప ఒకటో తరగతి అన్నారు కాబట్టి ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి చెబుతాను. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆ జిల్లాకు స్థానికులు అవుతారు. మహబూబ్‌నగర్ జోగుళాంబ జోన్‌లో ఉంది, షాద్‌నగర్ ఉన్న రంగారెడ్డి చార్మినార్ జోన్‌లో ఉంది. ఇరవై ఏళ్ల తరువాతి ఉద్యోగం కోసం ఇప్పుడు ఇల్లు మానుకోమని నేను అనడం లేదు. ఏటేటా బోనఫైడ్ సర్టిఫికెట్టు (ఆ బడిలో చదివినట్టు రుజువు) తీసి దాచుకోండి. కిరాయి ఇళ్లు మారిన పిల్లల తల్లిదండ్రులు వీటి కోసం పాత బడుల చుట్టూ తిరగడం చూస్తూనే ఉంటాము.

జడ్చర్ల బాటసారి

నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది: ఫ్లోరైడు 1.3, లవణాలు 900 పైన. ఆర్‌వో పెట్టుకోక తప్పదు. ఓనరుతో నేరుగా మాట్లాడాను, మనిషి మర్యాదస్తులే. ఆస్తి పన్ను రసీదు పంపారు, పేరు సరిపోయింది. విడి మీటరుకు దరఖాస్తు పెట్టారు, అది బిగించాకే చేరుతామని చెప్పాము. అడ్వాన్సు రెండు నెలలకు ఒప్పుకున్నారు, రంగులకు సగం నెల కిరాయి అని రాద్దామన్నారు, సరే అన్నాము. ట్యాంకరు ఖర్చు ఏప్రిల్, మే నెలల్లో చెరి సగం. నోటీసు రెండు నెలలు.

ఒక్కటి మాత్రం తెగలేదు. మా కంపెనీలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకు ఓనరు పాన్ నంబరు అడుగుతున్నారు. పాన్ ఇవ్వనని, కావాలంటే కాగితం మీద కిరాయి 8,000 అని రాసి మిగతాది నగదుగా ఇవ్వమని ఆయన అంటున్నారు. ఏం చేయాలి?

కోర్టు చౌరస్తా

ఏడాదికి కిరాయి లక్ష రూపాయలు దాటితే ఓనరు పాన్ చూపించాలి. మీది 1,32,000 అవుతుంది. నెలకు 8,000 అయితే 96,000, అందుకే ఆయన ఆ అంకె చెబుతున్నారు. అలా రాసుకుంటే మీకు రెండు నష్టాలు. హెచ్‌ఆర్‌ఏ తక్కువకే దొరుకుతుంది, అది చిన్నది. రేపు తగాదా వస్తే నెలకు 3,000 చొప్పున మీరు ఇచ్చిన నగదుకు లెక్కా పత్రం ఉండదు, అడ్వాన్సు కూడా రెండు నెలల 8,000 కిందే లెక్క కడతారు, అది పెద్దది. ఇచ్చేది ఎంతో అంతే కాగితం మీద ఉండాలి.

అయితే దానికి ముందు ఒకటి చూసుకోండి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. మీరు కొత్త విధానంలో ఉంటే దాని వల్ల మీకు వచ్చేదేమీ లేదు కాబట్టి ఆయన పాన్ మీకు అక్కరే లేదు. ఆ మాట చెప్పి, 11,000 అనే రాయించుకోండి.

జడ్చర్ల బాటసారి

ఈ ఏడాది కొత్త విధానమే ఎంచుకున్నాను. రేపు ఓనరుకు అదే చెబుతాను. మీటరు బిగించగానే ఒప్పందం నకలు పేర్లూ నంబర్లూ తీసేసి ఇక్కడ పెడతాను, కొత్తూరు చెల్లెళ్లకు కూడా పనికొస్తుంది.